రైలుబండిలో రాత్రి నిద్ర

ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు నెలలకు పైబడిన ఆ యాత్రలో వ్రాసిన సంగతులే 1838లో “కాశీయాత్ర చరిత్ర” యను పేర అచ్చయినవి. ఆ గ్రంథము చదువువారికి మజిలీలను గూర్చిన వివరములు పదే పదే కంటబడును. ఏ ఊర దిగవచ్చును, అచట నీటి వసతి యెట్టిది, అంగళ్లు కలవా, తలదాచుకొన సత్రమో చావడియో దొరకునా యను విషయములను వెనుక వచ్చెడి యాత్రికులకు పనికివచ్చునట్లు ఆయన శ్రద్ధతో వ్రాసిపెట్టిరి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన పెద్దమనిషి; పల్లకియు, బోయీలును, పెద్ద పరివారమును గలవారు. అట్టివారికిని రాత్రి యనగా ఆగుటయే. ప్రయాణము వేరు, నిద్ర వేరు.

కదలుచున్న వాహనములో నిద్రించుట ఆ కాలమున బొత్తిగా లేకపోలేదు. గడ్డి పరచిన రెండెడ్ల బండిలో పండుకొని, దారిని ఎడ్లకే విడిచిపెట్టి, తెల్లవారుసరికి పొరుగూరు చేరుట ఆంధ్రదేశమున అందరెరిగినదే. గోదావరి, కృష్ణా కాలువలు త్రవ్విన పిమ్మట రాజమహేంద్రవరము, ఏలూరు, బెజవాడల నడుమను, బకింగుహాము కాలువమీద నెల్లూరు సీమనుండి చెన్నపట్టణమునకును పడవ ప్రయాణములు సాగెను. పడవలోని కునుకునకు కుదుపు లేదు, దుమ్ము లేదు; దోమలు మాత్రము కలవు. ఇక దొరలు డాకు పల్లకీలలో, మజిలీ మజిలీకి బోయీలు మారుచుండగా, దివిటీల వెలుతురున రాత్రియంతయు నిద్రించుచు పోయెడివారు. ఒక మనుష్యుడు నిద్రించుటకు పలువురు మేలుకొని పరుగెత్తవలసిన ఏర్పాటు అది.

1853 ఏప్రిల్ 16న బొంబాయినుండి ఠాణాకు నడచిన తొలి బండికిగాని, 1856 జూలై 1న రాయపురమునుండి వాలాజా రోడ్డుకు నడచిన దక్షిణదేశపు తొలి బండికిగాని ఈ చిక్కు లేదు. అవి కొద్ది గంటల ప్రయాణములు. కూర్చుండ చోటున్న చాలును. కాని 1870లో బొంబాయి, కలకత్తాలు ఇనుపదారితో కలిసెను. మరుసటి సంవత్సరమే రాయచూరువద్ద రెండు కంపెనీల పట్టాలు కలిసి బొంబాయి–చెన్నపట్టణము మార్గము పూర్తియయ్యెను. 1874లో వాడినుండి సికింద్రాబాదుకు, 1889లో అచటినుండి బెజవాడకు బండి వచ్చెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై వంతెన తెరచుటతో చెన్నపట్టణమునుండి హౌరాకు తూర్పుతీరపు దారి సిద్ధమయ్యెను. నెలలు పట్టిన దూరములు రెండు మూడు దినములకు తగ్గినవి. అయితే మజిలీ పోయినది. మజిలీతోపాటు సత్రపు అరుగు, బావి, చెట్టునీడ, ఒళ్లు చాచుకొను హక్కు సైతము పోయినవి. బండి రాత్రి ఆగదు. మనుష్యుడు మాత్రము రాత్రి నిద్రింపవలెను. ఈ రెంటికిని పొత్తు కుదురుటకు నూరేండ్లకు మించి పట్టినది.

కంపెనీలవారి లెక్కలో నిద్ర ఒక సరకు. ధర చెల్లించినవానికి దొరకును, లేనివానికి లేదు. మొదటి, రెండవ తరగతుల పెట్టెలలో తోలుమెత్త వేసిన పొడవాటి బల్లలు, వానిపైన గోడకు మడిచిపెట్టు రెండవ వరుస పడకలు ఉండెడివి. వేసవిలో కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టెడివారు. ఈ పెట్టెలకు నడుమ నడవా లేదు. ప్రతి గదికిని దాని తలుపు దానిదే. లోపల గడియ వేసికొన్నచో తెల్లవారువరకు పలుకరించువాడు లేడు. దొరగారి నౌకరులకు ప్రక్కనే ఒక ఇరుకుగది. అమెరికాలో పుల్మను కంపెనీవారి బండ్లలో ప్రయాణికునకు దుప్పటి, దిండు కంపెనీయే యిచ్చి పడక పరచెడిది. మన దేశమున అట్లు కాదు. ఎంత పెద్ద దొరయైనను పడక తాను తెచ్చుకొనవలసినదే. వేలకు వేలు జీతములు పుచ్చుకొన్నవారు సైతము ప్లాటుఫారముమీద తమ పరుపుచుట్టను కూలివాని నెత్తికెత్తించిన దృశ్యము ఈ దేశపు రైల్వేలకు ఒక ప్రత్యేకత.

ఆ పరుపుచుట్టయే హోల్డాలు. దీనినిగూర్చి కొంత చెప్పవలసియున్నది; ఏలయన నేటి పిల్లలలో పలువురు దానిని చూచియుండరు. ముదురు ఆకుపచ్చదో, ఖాకీదో కిత్తానుగుడ్డ. రెండు కొనలను సంచులు. నడుమ తోలుపట్టెలు, ఇత్తడి బిగింపులు. ఒక సంచిలో దిండు, రెండవదానిలో తువాలు, చెప్పులు, విడిచిన బట్టలు. నడుమ జంబుకానా, పలుచని బొంత, దుప్పటి, చలికాలమైనచో రగ్గు. విప్పి పరచినచో అదియే పరుపు, చుట్టి బిగించినచో అదియే సామాను. బల్ల గట్టిదనము, దానిమీది దుమ్ము, ముందటి ప్రయాణికుడు విడిచిపోయిన నల్లులు — ఈ మూటినుండియు కాపాడునది ఆ కిత్తాను ఒక్కటే. బదిలీ ఉత్తరువు చేతికి రాగానే ఉద్యోగి యింట అటకమీదనుండి మొదట దిగెడిది హోల్డాలే. దాని వెంట మరచెంబు, నీళ్ల కూజా, అంతస్తుల టిఫిను డబ్బా. దొరల యింట పుట్టిన ఈ వస్తువు గుమాస్తాల యిండ్లకు దిగివచ్చి, ఉత్తర భారతమున ‘బిస్తరు’ యను పాతపేరుతో సామాన్యుని భుజముమీదికిని చేరెను. చక్రముల పెట్టెలు వచ్చిన తరువాత అది కనుమరుగయ్యెను. అటువంటి తెలివైన వస్తువు మరియొకటి వచ్చినదని చెప్పుట కష్టము.

మూడవ తరగతివాని సంగతి వేరు. కొన్ని కంపెనీలు ఒకప్పుడు బల్లలే లేని నాలుగవ తరగతి పెట్టెలు నడపినవి. మనుష్యులు నేలమీద కూర్చుండియో, నిలుచుండియో పోవలసియుండెను. మూడవ తరగతిలో కొయ్యబల్లలు కలవు. కాని అవి కూర్చుండుటకే కొలిచి చేసినవి.

1890వ సంవత్సరపు భారతీయ రైల్వే చట్టమును తిరుగవేసినచో ఈ దృష్టి స్పష్టమగును. ఒక్కొక్క గదిలో ఎందరు ప్రయాణికులు ఉండవచ్చునో గరిష్ఠసంఖ్య నిర్ణయించి, లోపలనో బయటనో కనబడునట్లు వ్రాయవలెనని 63వ సెక్షను శాసించినది. ప్రతి ప్రయాణికుల బండిలోను అన్నిటికంటె తక్కువ తరగతియందు ఒక గదియైనను స్త్రీలకే కేటాయింపవలెననియు, బండి యేబది మైళ్లకు మించి పోవునదైనచో ఆ గదికి మరుగుదొడ్డి ఉండవలెననియు 64వ సెక్షను చెప్పినది. ఆ కాలమునకు అది పెద్ద మేలే. ఇక 109వ సెక్షను చదువుటకు వినోదముగా నుండును. నిండిన గదిలోనికి జొరబడి దిగనన్నవానికిని జరిమానా. నిండని గదిలోనికి వచ్చువానిని అడ్డగించినవానికిని జరిమానా. రెంటికిని హద్దు ఇరువది రూపాయలే. తలుపువద్ద బయటివానికిని, లోపలివానికిని జరుగు నిత్యకలహమును శాసనకర్తలు బాగుగనే ఎరిగియుండిరన్నమాట. కాని ఇన్ని సెక్షనులలో ప్రయాణికుడు ఒక తలగా లెక్కింపబడినాడేకాని, ఆరడుగుల దేహముగా లెక్కింపబడలేదు. రాత్రి వచ్చుననియు, వానికి వెన్ను వాల్చవలసిన అవసరము కలుగుననియు మూడవ తరగతిని గూర్చి ఎక్కడను ఊహ లేదు.

దీని ఫలితమెట్టిదో 1917 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు రాంచీనుండి వ్రాసిన వ్యాసమున చూడవచ్చును. ఆ నెల 12వ తేదీన ఆయన బొంబాయిలో చెన్నపట్టణమునకు మెయిలుబండిలో మూడవ తరగతి టిక్కెట్టు కొనెను. ధర 13 రూపాయల 9 అణాలు. పెట్టె 22 మందికని వ్రాసియున్నది. ఆ 22 మందియు కూర్చుండుటకే సరి. సురక్షితముగ పండుకొనుటకు తగిన పడక ఒక్కటియు లేదు. చెన్నపట్టణము చేరువరకు గడపవలసిన రాత్రులు రెండు. పూనావరకు లోపలి ధైర్యశాలులు కొందరు బయటివారిని రానీయక ఆపుటచేత మాత్రమే సంఖ్య మించలేదట. మొండికి పడి పండుకొన్న ఇద్దరు ముగ్గురు తప్ప తక్కినవారందరు కూర్చుండియే నిద్రించిరి. రాయచూరు దాటిన పిమ్మట ఒత్తిడి భరింపరానిదయ్యెను. ఆ ఒత్తిడి తెలుగునేలమీదిదే. రాయచూరునుండి ఆ దారి ఆదవాని, గుంతకల్లు, తాడిపత్రి, కడప, రేణిగుంటలమీదుగ పోవును. గార్డులు వచ్చినది మరికొందరిని లోనికి త్రోయుటకే. ఒక మేమను వర్తకుడు తిరుగబడి వాదించెనుగాని ఫలము లేకపోయెను. ఆ రాత్రి ఆ పెట్టెలోనే చాలసేపు 35 మందివరకు ఉండిరనియు, కొందరు మురికి నేలమీదనే పండుకొనిరనియు, కొందరు నిలుచుండియే యుండిరనియు వ్రాసెను. మొదటి తరగతి చార్జీ మూడవదానికి ఐదు రెట్లకు పైబడియున్నది, మరి మూడవ తరగతివానికి ఐదవవంతు సుఖమైనను దొరకుచున్నదా యని ఆయన వేసిన ప్రశ్న అణాపైసల లెక్కవలె కనబడును. లెక్కయే కావచ్చును. ఆదాయపు చిట్టాలు చూచుకొను కంపెనీలకు ఆ భాషయే అర్థమగును.

అయినను కోట్లకొలది జనులు ఆ బల్లలమీదనే రాత్రులు గడపిరి. ఇచట చరిత్ర కాగితములనుండి తప్పుకొని ఇండ్లలోని అలవాట్లలో దాగుకొనినది. కంపెనీ ఇవ్వని పడకను ప్రయాణికులు తామే కల్పించుకొనిరి. ఎదురెదురు బల్లల నడుమ కాళ్లు పెట్టుకొను పల్లములో ట్రంకుపెట్టెలు పేర్చి, పైన జంబుకానా పరచినచో పిల్లలు నలుగురు అడ్డముగ పండుకొనగల వేదిక యేర్పడును. సామాను పెట్టు పైచట్రము చిన్నవానికి మంచె. చంటిబిడ్డకు అమ్మమ్మ పాతచీర; దానిని పైకమ్ములకు కట్టినచో ఉయ్యాల. బండి కుదుపే ఊపు, వేరుగ ఊపనక్కరలేదు. ఆవిరి యింజను నాళ్లలో బొగ్గునలుసులు కిటికీలోనుండి వచ్చి కంటబడెడివి. కావున అనుభవజ్ఞులు ఇంజనుకు వీపు పెట్టి కూర్చుండెడివారు. చీకటిపడగానే కొయ్యరెక్కల తలుపు దింపి, తలకు తువాలు చుట్టెడివారు. డబ్బు మొలలోని సంచిలో; టిక్కెట్టు జేబులో గాక తలపాగ చెరగులోనో, చీర కొంగుముడిలోనో. భోజనము పొద్దుగూకకముందే, అందును పెరుగన్నమువంటి తేలికది. రాత్రి నీళ్లు తక్కువగ త్రాగుట ఆరోగ్యసూత్రము కాదు. మనుష్యులను దాటుకొని పోవలసిన దూరమును తలచుకొని ఏర్పరచుకొన్న నియమము.

నిద్రకు కాపలా సైతము సంఘధర్మమే. ఒక గదిలోని అపరిచితులు చీకటిపడులోపల ఊరు, పేరు, ఉద్యోగము, పిల్లల సంబంధములవరకు మాటలాడుకొనుట వట్టి కుతూహలముచేత కాదు. ఎవడు ఎక్కడ దిగునో తెలిసినచో ఎవరిని ఎప్పుడు లేపవలెనో తెలియును. సామానుపై ఎవరి కన్ను ఉండవలెనో తేలును. అర్ధరాత్రి స్టేషనులో దిగవలసినవాడు మేలుకొనియున్న ముసలాయనకు అప్పగింతలు పెట్టి పండుకొనెడివాడు. గోదావరి వచ్చినప్పుడు మాత్రము ఎవరికిని లేపుట కోపకారణము కాదు. వంతెన ధ్వని వినబడగానే తల్లులు పిల్లలను లేపి చేతిలో కానీ పెట్టెడివారు. సగము నిద్రలోనే అది నదిలోనికి పోయెడిది, తక్కిన సగము నిద్ర అవతలి గట్టున సాగెడిది.

ఢిల్లీలో ఉద్యోగములకు వచ్చిన తెలుగువారికి గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్సు వేరుగ చెప్పనక్కరలేని పేరు. కాజీపేట–బల్లార్షా నడుమ దారి లేనంతకాలము బెజవాడనుండి ఢిల్లీకి చుట్టుదారియే గతి. ఆ దారి పడిన పిమ్మట 1929లో ఈ బండి పెషావరునకును మంగుళూరునకును నడుమ ప్రారంభమై, కొలదికాలములోనే ఢిల్లీ–మద్రాసు బండిగ కుదురుకొన్నది. పూర్తి ప్రయాణమునకు రెండు రాత్రులు. ఝాన్సీ, భోపాలు, ఇటార్సీ, నాగపురము, బల్లార్షా — ఈ పేర్లు ఢిల్లీ ఆంధ్ర కుటుంబములలో పిల్లలకు భూగోళపాఠమువలన గాక నిద్రలో వినబడిన ప్లాటుఫారపు కేకలవలన వచ్చినవి. హిందీలో టీ కేక పోయి తెలుగులో కాఫీ కేక వినబడినచో కన్ను తెరువకయే ఎక్కడికి వచ్చినదియు తెలిసెడిది. చలికాలములో ఢిల్లీవద్ద రెండు రగ్గులు కప్పుకొని పండుకొన్నవాడు వరంగల్లువద్దకు వచ్చుసరికి వానిని తీసి మడిచిపెట్టుట ఈ బండికి సహజమైన ఋతుధర్మము.

స్వాతంత్ర్యానంతరము మూడవ తరగతివైపు ప్రభుత్వపు చూపు మరలెను. అంతయు మూడవ తరగతియే యైన జనతా ఎక్స్‌ప్రెస్సులు వచ్చెను. లాల్ బహదూర్ శాస్త్రిగారు రైల్వేమంత్రిగ నుండినపుడు మూడవ తరగతిలో విద్యుత్ పంకాలు అమర్చుటకు పూనుకొనిరి. 1955లో పాత మొదటి తరగతి రద్దయి, రెండవది మొదటిదిగను, ఇంటరు రెండవదిగను పేరు మారెను. మూడవది మూడవదిగనే మిగిలెను. ఆ యేడే అక్టోబరు 2న పెరంబూరులో సంపూర్ణ పెట్టెల కర్మాగారము తెరువబడెను. ఉక్కుపెట్టెలు, నడుమ నడవా, ఆ కొననుండి ఈ కొనకు దారి — వీనితో మూడవ తరగతికి పడకపెట్టె అనునది సాధ్యమయ్యెను. కొన్నిటిలో క్రింద కూర్చుండువారు, పైన పండుకొనువారు. మరికొన్నిటిలో ఒకదానిపై నొకటిగ మూడు పడకలు. పడకకు వేరుగ రుసుము. అది కొయ్యబల్లయే, మెత్త లేదు. అయినను చిన్న ఉద్యోగి, రైతు, విద్యార్థి మొదటిసారిగ ఒక అంకెగల పలకమీద, ఇది నాదని చెప్పి, కాళ్లు చాచిరి. చట్టములో 1890నాడు లేని ఆరడుగుల దేహము ఇప్పుడు చార్టుకాగితములోనికి ఎక్కినది.

కేంద్రప్రభుత్వోద్యోగి నిద్రకు నియమావళి వేరుగ కలదు. జీతమునుబట్టి తరగతి, తరగతినిబట్టి మెత్త. అధికారపర్యటనలో మెత్తపై నిద్రించిన దేహమే సొంత ఖర్చుపై పోవునప్పుడు కొయ్యపై నిద్రించుటకు అలవాటుపడవలెను. 1956లో సెలవు ప్రయాణపు రాయితీ ఏర్పడినప్పుడు స్వగ్రామము దూరమైనవారికి అది పండుగయే అయినది. పిల్లలతో, ఆవకాయ జాడీలతో తిరిగివచ్చు కుటుంబములు సెలవులు ముగియునాటికి రాజధాని స్టేషనులో దిగుటను చూచినవారికి ఆ ఉత్తరువు విలువ తెలిసియే యుండును.

మూడు అంతస్తుల పెట్టె కొత్త మర్యాదలను, కొత్త తెలివిని నేర్పినది. ఒక్కొక్క అరలో ఎదురెదురుగ ఆరు పడకలు, నడవాప్రక్కన రెండు. అట్టి తొమ్మిది అరలతో 72 మంది. పెట్టె రెండు కొనలను చక్రములు, తలుపులు, మరుగుదొడ్లు ఉండుటచే కుదుపును చప్పుడును అక్కడనే ఎక్కువ. నిద్ర కావలసినవాడు నడిమి అంకెలు కోరుకొనవలెను. పై పడక పగలు సైతము తనదే, ఎవరును లేపరు. కాని వేసవిలో కప్పు వేడి, ముసలివారికి ఎక్కుట కష్టము. క్రింది పడక కిటికీతో సహా దొరకును; అయితే అందరును దానిమీదనే కూర్చుందురు. నడవాప్రక్క పడక పొడవు తక్కువ. పొడగరి అక్కడ మోకాళ్లు ముడుచుకొని తెల్లవార్చవలెను. తల నడవావైపు పెట్టినచో పోవువారి సంచులు తగులును. కాళ్లు అటు పెట్టినచో అవియే తగులును, అయితే కాళ్లకు ఓర్పు హెచ్చు. క్రింది పడక అడుగున ఇనుపకొక్కెమునకు గొలుసు వేసి పెట్టెను బంధించుట, చెప్పులను సంచిలో చుట్టి లోనికి త్రోయుట, చేతిసంచిని దిండుక్రింద నుంచుట — ఇవన్నియు ఎవరో ఒకరు పోగొట్టుకొన్న పిమ్మట తక్కినవారు నేర్చుకొన్న పాఠములు. దొంగకు అనువైన సమయము అర్ధరాత్రి కాదు, తెల్లవారుజాము. అప్పుడే నిద్ర గాఢము, అప్పుడే దిగువారి సందడి.

1974లో మూడవ తరగతి పేరు పోయి రెండవ తరగతియైనది. పేరు మారినది, కొయ్య మారలేదు. కొయ్యను మార్చిన కీర్తి మధు దండవతేగారిది. 1977నుండి 1979వరకు రైల్వేమంత్రిగ నుండిన ఆ సోషలిస్టు నాయకుడు రెండవ తరగతి పడకలకు రెండంగుళముల మందము గల స్పాంజి మెత్త వేయింపవలెనని నిర్ణయించెను. పెద్ద వంతెనలు, వేగపు బండ్లు ప్రారంభించిన మంత్రులు పలువురు కలరు. వారిలో కొందరి పేర్లు శిలాఫలకములమీద తప్ప మిగులలేదు. రెండంగుళముల మెత్త వేయించిన మంత్రి పేరు మాత్రము దానిమీద పండుకొన్నవారు నేటికిని చెప్పుకొందురు. గాంధీగారి లెక్కలోని ఐదవవంతు సుఖములో కొంత బాకీ ఆనాడు తీరినది.

తరువాతి మార్పులు త్వరగ వచ్చినవి. అంతకుపూర్వము పడక దొరకుటకు తెల్లవారుజామున టిక్కెట్టు కిటికీవద్ద వరుసలో నిలువవలసియుండెను. నిద్రకొరకు ముందుగ ఒక నిద్ర పోగొట్టుకొనుట ఆనాటి ఆచారము. 1980 తరువాతి దశకపు నడుమ ఢిల్లీలో గణకయంత్రములతో రిజర్వేషను ప్రారంభమైన పిమ్మట ఆ బాధ క్రమముగ తగ్గెను. 1976లో హైదరాబాదు, ఢిల్లీల నడుమ మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్సు రాష్ట్రవిభజనానంతరము తెలంగాణ ఎక్స్‌ప్రెస్సు అయినది. ఆ దారిని ఇప్పుడు ఒక్క రాత్రియే. 1993లో మూడు పడకల చల్లని పెట్టె వచ్చి, ఒకప్పుడు వట్టివేళ్ల తడికలకు ధర చెల్లించినవారికే దక్కిన చల్లదనమును మధ్యతరగతికి తెచ్చెను. దుప్పటి, దిండు, కంబళి రైల్వేయే ఇచ్చుటతో హోల్డాలు అటకమీదనే మిగిలిపోయెను. 2020లో అంటువ్యాధి భయముచే ఆ దుప్పట్లు ఆపివేసినప్పుడు జనులు మరల ఇంటిదుప్పటి మోసికొనిపోయిరి. 2022లో అవి తిరిగి వచ్చెను.

వీటన్నిటిలో న్యాయశాస్త్రమున ఆసక్తిగలవారు గమనింపదగినది నడిమి పడకనుగూర్చిన నియమము. నడిమి పడక పగలు క్రిందివాని వెన్నుకు ఆనుడుపలక. రాత్రి గొలుసులపై వ్రేలాడు మంచము. అది ఎత్తినంతసేపు క్రిందివాడు తల యెత్తి కూర్చుండలేడు. అది దింపినంతసేపు నడిమివాడు పండుకొనలేడు. ఎనిమిది గంటలకే పండుకొనువాడును, పదకొండువరకు మాటలాడువాడును ఒకే అరలో పడినచో తీర్పెవరు చెప్పవలెను? తొలుత రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు నిద్రాసమయమని యుండెను. 2017లో దానిని సవరించి రాత్రి 10నుండి ఉదయము 6వరకు చేసిరి. ఆ యెనిమిది గంటలలో పండుకొనుట హక్కు. తక్కిన కాలమున ఇతరులకు కూర్చుండ చోటిచ్చుట విధి. రోగులకు, వికలాంగులకు, గర్భిణులకు ఆ గంటలకు వెలుపల సైతము పండుకొనుటకు తోడివారు అనుమతింపవలెనని అందులోనే చేర్చిరి. బండి నడచుటకు కాలపట్టిక ఉన్నట్లు మనుష్యుడు నిద్రించుటకును కాలపట్టిక ఏర్పడినది. ఇరువది రూపాయల జరిమానా సెక్షనుతో పోల్చినచో ఇది ఎంతో మెత్తని శాసనము.

ఈ శాసనము చెల్లని పెట్టెలు మాత్రము పెక్కు దూరపు బండ్లకు ముందు వెనుకల కలవు. వానికి రిజర్వేషను లేదు, పడక అంకె లేదు, నడిమి పడకయే లేదు. కూర్చుండువారి సంఖ్య సుమారు తొంబదియని వ్రాసియుండును. పండుగలనాడు ఎక్కువారికి ఆ వ్రాతతో పని లేదు. అక్కడ ప్రయాణికుడు నేటికిని 1890 చట్టము చూచినట్టి తలయే. ఇటుకబట్టీలకు, కట్టడపు పనులకు పోవు కూలీలు, ఉద్యోగపరీక్షలకు పోవు కుఱ్ఱవారు అందులో ఎక్కుదురు. సామాను చట్రముపై ఇద్దరు, మరుగుదొడ్డి వాకిట వార్తాపత్రిక పరచుకొని నలుగురు, రెండు కమ్ముల నడుమ దుప్పటి కట్టి అందులో ఊగుచు ఒకడు. ఆ ఉయ్యాలముడి ఏ కంపెనీయు నేర్పలేదు. అది అమ్మమ్మ పాతచీర ముడియే. కాజీపేటలో ఎక్కినవాడు నాగపురమువరకు తలుపుకమ్మిని పట్టుకొని నిలుచుండును. ఇటార్సీలో ఒక కుటుంబము దిగును. బల్లకొన జానెడు ఖాళీయగును. అతడు దానిమీద కూర్చుండి, ఎదుటివాని భుజమును ఒకసారి చూచి, వాడు ఏమియు అనకపోవుటచే తల దానికి ఆనించి కన్నులు మూసికొనును.